కంబళి తీర్పు

ప్రియమైన చెల్లికి,

నిన్ను సూటిగా ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆకాశాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చివరిసారి ఎప్పుడు చూశావు? బస్సు అద్దంలోంచి కనిపించే ముక్క లెక్కలోకి రాదు.

ఇరవయ్యారేళ్ళు నగరంలో బస్సు నడిపావు. ఈ నెలాఖరుకి నీ ఉద్యోగమూ అయిపోతుంది, ఇంటి ఒప్పందమూ అయిపోతుంది. మళ్ళీ సంతకం పెట్టి ఇక్కడే ఉండిపోనా, సరస్సు పక్కకి నీ దగ్గరికి వచ్చేయనా అని అడిగావు. ఇదీ ఒక సందేహమేనా? బైబిల్లో ఒకాయన పచ్చగా ఉంది కదా అని పట్టణం వైపు గుడారం వేసుకున్నాడు. ఏమైంది? ఊరు తగలబడింది, పెళ్ళాం ఉప్పు స్తంభమైంది. నేను గుడారాలు కుట్టి బతికేవాణ్ణి. గుడారం ఎటు వేయాలో ఒకరు నాకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ పొద్దున్నే కొండ చుట్టూ నడక. తరువాత పడవ. సాయంత్రం గట్టు మీద కూర్చుంటే గాలే వైద్యుడు. మా పడవవాడి పక్కిల్లు ఖాళీగా ఉంది, నెలాఖరు దాకా నీ కోసం అట్టే పెడతానన్నాడు.

నా మాట మీద నమ్మకం లేకపోతే దేవుణ్ణే అడుగు. యుద్ధానికి వెళ్ళాలో వద్దో తేలక ఒక సేనాని గొర్రెబొచ్చు కళ్ళంలో పరిచి గుర్తు అడిగిన సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను. నా చేత్తో అంచు కుట్టిన ఉన్ని కంబళి పంపుతున్నాను. మూడు రాత్రులు మీ మేడ మీద పరుచు. తెల్లారేసరికి కంబళి తడిసి నేల పొడిగా ఉంటే ఇక్కడికి రా. కంబళి పొడిగా ఉంటే అక్కడే ఉండి మగ్గిపో.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. పోయిన ఆదివారం పడవల షెడ్డులో నా ప్రసంగానికి కొత్త మనిషి ఒకడు వచ్చాడు. వెనక గోడకి ఆనుకుని గంటన్నర కదలకుండా విన్నాడు. అలాంటి శ్రద్ధ ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. అది మేకుకి తగిలించిన వానకోటు అని పడవవాడు అంటున్నాడు. వాడికి అసూయ.


అన్నయ్యకి నమస్కారాలు.

ఆకాశం నిన్ననే చూశాను. నీ కంబళి పరచడానికి మేడ ఎక్కాను కదా.

నువ్వు నగరాన్ని తిట్టు, కాదనను. కానీ నువ్విక్కడ ఎన్నాళ్ళున్నావు? బస్సు మారడానికి ఆగిన పావుగంట, అంతే. నా కిటికీ కింద రొట్టెల కొట్టు. తెల్లవారుజామున ఆ వాసన నాలుగో అంతస్తు దాకా వచ్చి నన్ను నిద్రలేపుతుంది. డ్యూటీ దిగాక ఒక్క కూడలి దాటితే ఎన్ని మొహాలు, ఎన్ని తగవులు, ఎన్ని నవ్వులు. ఆ సందడి నా ఒంట్లో ఇంజనులా తిరుగుతూనే ఉంటుంది. అలాగని నాకు కొండలంటే ఇష్టం లేదా? సెలవు దొరికితే నీ గట్టు మీదే కదా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నది. ఆ రెండూ ఒకే ఊళ్ళో పెట్టలేదు దేవుడు. అందుకే అడిగాను.

సరే, తీర్పు విను. మొదటి రోజు కంబళి ముద్దగా తడిసింది. నేలా తడిసింది. మా ఎదురింటి పాటల టీచరు మేడ మీద కుండీలకి నీళ్ళు పోస్తూ దానికీ పోసేసింది. రెండో రోజు కంబళి మేడ మీద లేదు. నా గుమ్మం ముందు మడతపెట్టి ఉంది, పొడిగా, వెచ్చగా, రొట్టె వాసనతో. గాలికి వీధిలో పడితే రొట్టెల కొట్టతను పొయ్యి పక్కన ఆరబెట్టి పైకి తెచ్చాడట. మూడో రోజు అసలు కంబళే లేదు. వీధిలోనూ లేదు.

తడీ, పొడీ, మాయం. దీనికి నీ గ్రంథంలో అర్థం ఉందా?

చెల్లి

తా.క. ఆ సేనాని మేడ మీద కుండీలు లేవు. అందుకే ఆయనకి తేలింది.


విశ్వాసం చాలని చెల్లికి,

అర్థం లేకేం? పట్టపగల్లా ఉంది. కంబళి నీకంటే ముందు బయలుదేరింది. నువ్వు దాని వెనక రావాలి. అదీ కాక నీ నగరంలో పరిచిన గుడ్డకి కూడా భద్రత లేదని ప్రభువు చేసి చూపించాడు.

నేనూ ఊరుకోలేదు. మా గుమ్మం ముందు నేనూ ఒక కంబళి పరిచాను, చెల్లి రావాలా ప్రభువా అని. మూడు రోజులూ తడిసి ముద్దైంది. ఆ మూడు రోజులూ మంచే కురవలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి ఆదివారం ప్రసంగంలో నువ్వు వస్తున్నట్టు ప్రకటించేశాను. ఇరవై మంది లేచి నిలబడ్డారు. ఇద్దరు పక్కింటికి సున్నం వేశారు, ఒకరు అలమర బిగించారు. వడ్రంగి నీ కోసం గట్టు మీద బల్ల వేస్తున్నాడు, బస్సు సీటు ఎత్తులోనే ఉండాలని నేను కొలత చెప్పాను. చిన్నపిల్లలు నీకు స్వాగతం పాట నేర్చుకుంటున్నారు. ఇప్పుడు నువ్వు రాకపోతే నా మాట గాలిలో కలుస్తుంది. వాళ్ళ మొహం ఎలా చూడను?

త్వరపడే
అన్నయ్య

తా.క. వచ్చేటప్పుడు నీ చదువుకునే కళ్ళజోడు మరచిపోకు. ఇక్కడ సూదిలో దారం ఎక్కించడం లాంటి చిన్న పనులు ఉంటాయి. నా కోసం కాదు. ఊరికే అన్నాను.


అన్నయ్యా,

నిన్నెవరు ప్రకటించమన్నారు? బస్సు స్టాపులో ఆగకముందే దిగిపోయే రకం నువ్వు.

ముందు కంబళి సంగతి. దాని కోసం మొన్న ఆదివారం ప్రతి తలుపూ కొట్టాను. ఇరవయ్యారేళ్ళుగా తెల్లారకముందే డ్యూటీకి పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. ఆ తలుపుల వెనక ఎవరున్నారో ఆ రోజే చూశాను. అన్నీ తెరుచుకున్నాయి, మా ఎదురుది తప్ప. పిలిచినా పలుకు లేదు. రొట్టెల కొట్టతన్ని పిలిచి తలుపు తోయించాను. పాటల టీచరు మంచం మీద, ఒళ్ళు కాలిపోతూ, నీ కంబళిలో. మొదటి రోజు నీళ్ళు పోసినందుకు సిగ్గుపడి, ఉతికి ఇద్దామని తీసుకుపోయిందట. అంతలో చలిజ్వరం కమ్మింది. రెండు రోజులుగా ఒక్కతే పడి ఉంది.

కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం కిందికి మోశాం. నా రూటు బస్సే వస్తోంది. నేను రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. నా తోటి డ్రైవరు తల బయటపెట్టి, రిటైరయ్యే ముందు నన్ను జైలుకి పంపుతావా అక్కా అన్నాడు. సంగతి చెప్పాను. అతను వెనక్కి తిరిగి, నేరుగా ఆసుపత్రికి పోనివ్వనా అని ప్రయాణికుల్ని అడిగాడు. బండి నిండా జనం, ఒక్కరూ కాదనలేదు. ఒకాయన మాత్రం తన స్టాపు దాటిపోతోందని గొణిగి, ఆ గొణుగుతూనే తన మఫ్లరు తీసి ఆమె మెడకి చుట్టాడు. ఆమె ఇప్పుడు కులాసా. నీ కంబళి లేకపోతే నేను ఆ తలుపు కొట్టేదాన్నే కాదు. నీకు రుణపడి ఉన్నాను, దేవుడికి కూడా.

అందుకే ఒప్పందం మీద సంతకం చేశాను. ఇక్కడే ఉంటాను. ఇన్నేళ్ళూ ఈ నగరాన్ని అద్దంలోంచి చూశాను, ఇక దిగి చూస్తాను. పక్కిల్లు బాగు చేసినవాళ్ళ కాళ్ళకి దండం పెడుతున్నానని చెప్పు.

ఇప్పుడు నీ సంగతి. ఆసుపత్రిలో కంబళి మడతపెడుతూ నీ కుట్టు చూశాను. అంచు వదిలేసి ఉన్ని మీదికి పోయింది. నీ ఉత్తరంలో పై వాక్యం మీద కింది వాక్యం ఎక్కింది. వానకోటుకి గంటన్నర ప్రసంగం చెప్పావు. అన్నయ్యా, నేను డ్రైవర్ని. ఎదుటివాడికి దారి కనబడడం లేదంటే దూరం నుంచే తెలుస్తుంది నాకు.

నీ కళ్ళకి ఏమైంది? ఎన్నాళ్ళ నుంచి?

కంటి ఆసుపత్రి గేటు ముందు ఇన్నేళ్ళూ రోజుకి ఎనిమిదిసార్లు బండి ఆపాను. ఒకసారి నిన్ను దింపనీ.

చెల్లి

తా.క. నగరానికి వెళ్ళమంటే పడవెక్కి ఎదురు దిక్కుకి పారిపోయిన ప్రవక్త కథ నువ్వే చెప్పావు. ఆయన్ని మింగి ఒడ్డుకి చేర్చినంత పెద్ద చేపలు మీ సరస్సులో లేవు. నువ్వే రావాలి.


ప్రియమైన చెల్లికి,

ఈ ఉత్తరం నా మాటలే గానీ రాత రొట్టెల కొట్టతనిది. కాబట్టి వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

దాచినదంతా ఒప్పుకుంటున్నాను. రెండేళ్ళుగా రెండు కళ్ళకీ పొరలు. కొండ ఎక్కడుందో గుర్తుని బట్టి చూపించి ప్రసంగం చెబుతున్నాను. నీకు ఆకాశం కావాలని రాశాను గానీ, నిజానికి నాకు నీ కళ్ళు కావాల్సి వచ్చాయి. నగరం పాపం అని అరిచాను. పాపం కాదు, భయం. ఆసుపత్రి భయం. ఇన్ని ఏళ్ళు ధైర్యం గురించి ప్రసంగించినవాడికి అది చెప్పుకోవడం తలవంపులు అనిపించింది.

నీ ఉత్తరం పడవవాడు చదివి వినిపించాడు. ప్రవక్త దగ్గరికి వచ్చేసరికి వాడు నవ్వాడు, నేను నవ్వలేదు. ఆదివారం లేచి నిలబడి అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. కుర్చీలు కదిలిన చప్పుడు, అంతే. తరువాత పడవవాడు వచ్చి, మాకు ఎప్పుడో తెలుసు పెద్దాయనా, ఆ వానకోటు మేమే తీయలేదు, మీరు అంత సంతోషంగా చెబుతున్నారని, అన్నాడు.

నీ కోసం బాగు చేసిన పక్కిల్లు అలాగే ఉంచుతారట. ఆపరేషనై కళ్ళ కట్టు విప్పాక నేను మొదట చూడాలనుకునేది నీ మొహం, రెండోది ఆ సరస్సు. వేసవి అంతా అక్కడ ఉందాం. పాటల టీచరుకి కూడా గాలి మార్పు కావాలి కదా, తీసుకురా. పిల్లల స్వాగతం పాటలో శ్రుతి లేదు. తరువాత నువ్వు నీ నగరానికి పో. నేను అడ్డు చెప్పను. ఈ నగరాన్ని ఇక తిట్టను కూడా. నిన్న బస్సులో నాకు ముగ్గురు సీటు ఇచ్చారు, ఇద్దరు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. మొహాలు కనబడలేదు, అందుకని అందరికీ కలిపి దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

నీ చెయ్యి కోసం చూసే
అన్నయ్య

తా.క. మా గుమ్మం ముందు కంబళి మూడు రోజులూ తడిసిన మర్మం తేలింది. నేను దాన్ని పరిచింది కారుతున్న కుళాయి కింద.

మరో తా.క. నిన్నటి బస్సు అన్నాను కదా, అది ఇక్కడికి వచ్చిన బస్సు. రాత్రి బస్టాండులో నడుం వాల్చి, పొద్దున్నే నీ వీధికి వచ్చాను. మీ మెట్లు నాకు కనబడడం లేదు. మీ ఇంటి కిందే రొట్టెల కొట్టులో, పిండి బస్తా పక్కన, చేతిలో సంచితో కూర్చుని ఉన్నాను. ఈ ఉత్తరం ఇతను ఇప్పుడే పైకి తెస్తాడు. కంటి ఆసుపత్రిలో పేర్లు పదకొండింటి దాకే రాసుకుంటారట, ఇప్పుడు పది. నా ధైర్యం అంతసేపు నిలబడుతుందో లేదో చెప్పలేను. చెప్పులు వేసుకోకపోయినా ఫరవాలేదు, చెల్లీ, ఈ క్షణమే కిందికి దిగి రా.