గంగమ్మకు నైవేద్యం నువ్వే వండేదానివి

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. నిన్న విశాఖలో డాక్టరమ్మ చెప్పిన మాట నీకు చెప్పాలని రాస్తున్నాను. పదిహేడేళ్లొచ్చినా నా కూతురు దేవి పెద్దమనిషి కాలేదని చూపించాం. గర్భసంచి లేదట. క్రోమోజోములు మగవాళ్లకుండేవట. "ఇది పుట్టుకతో వచ్చేదే. మీ పుట్టింట్లో ఇంకెవరికైనా ఉందా?" అనడిగింది.

నువ్వే కళ్లముందు నిలిచావు. నెలసరని మేమంతా దూరం కూర్చున్నప్పుడల్లా గంగమ్మకు నైవేద్యం నువ్వే వండేదానివి. నీకు నెలసరి రాకపోవడం అమ్మవారి వరమన్నారు. పెళ్లయ్యాక బావ "ఇది ఆడదే కాదు" అని నిన్ను మన వాకిట్లో దింపేసి పోయాడు. అంతా డాక్టరమ్మకి చెప్పాను.

ఆమె దేవి వైపు తిరిగి, "నీ గురించి నువ్వేమనుకుంటున్నావు?" అంది.

"నాను ఆడపిల్లనే," అంది దేవి.

బస్సెక్కాక నన్నడిగింది. "పెద్దమ్మని ఎవులూ ఇలాగ అడగలేదేటమ్మా?"