పోశయ్య కండ్ల ఫోటో

ఉప్పల్, జూన్ 9

పోశయ్య గారికి నమస్కారం.
మీ ఫ్యాక్టరీ పంపితే మా కేంద్రానికి వచ్చి కంటి పరీక్ష చేయించుకున్నారు కదా. బోర్డు ఆఖరి వరుస దాకా చదివారు, ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి సర్టిఫికెట్ పంపేశాం. కానీ కొత్త కెమెరా కంటి వెనక తీసిన ఫోటో చూసి, షుగర్ వల్ల లోపల నెత్తురు కారుతోందని కంప్యూటర్ నిమిషంలో చెప్పింది. డాక్టరు గారూ అదే అన్నారు. వెంటనే రండి. మీరు రాసిన ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం.
ఇట్లు, గౌతమి, కంటి పరీక్షా కేంద్రం

తా.క.: మీరు యాభై ఆరేళ్లని రాశారు. ఫోటోను బట్టి నలభై లోపేనని కంప్యూటర్ అంచనా!

నాచారం, జూన్ 14

గౌతమి మేడంకు పోశయ్య దండాలు.
సర్టిఫికెట్ అందింది, శాన సంతోషం. నాకు షుగర్ లేదు. మొన్ననే ఫ్యాక్టరీల రక్తం జూసిన్రు. మీ మిషన్‌నే జర డాక్టర్‌కు సూపెట్టున్రి. నెత్తురన్నరని అద్దంల సూసుకున్న, సుక్క గూడ లేదు.
మీ పోశయ్య

తా.క.: వయసు ముచ్చట మా ఇంటామె లక్ష్మీనర్సమ్మకు సదివి వినిపిచ్చిన. "మిషన్‌కు కండ్లు లేవా?" అన్నది.

ఉప్పల్, జూన్ 20

పోశయ్య గారూ,
మిషన్ బాగానే ఉంది. ఫోటో మీద పేరూ మీదే. ఇప్పుడు బాగానే కనబడుతోందని ధీమాగా ఉండకండి. ఆలస్యమైతే చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు.
మీ మేలు కోరే గౌతమి

తా.క.: మీరు రాకపోతే ఫ్యాక్టరీకి రాయక తప్పదు.

నాచారం, జూలై 28

మేడం,
ఆ కండ్లు నావి గావు. నాకు రెండేండ్ల సంది దూరం మసక. నౌకరి పోతదని మా బామ్మర్ది దుర్గేష్‌ను నా పేరు మీద కూసోవెట్టిన. నారపల్లి దాంక ఆటో తోల్తడు, ఎంత దూరపు బోర్డైన సదువుతడని ఆయన్నే తోల్కొచ్చిన.
మీ మొదటి ఉత్తరానికి నాకు షుగర్ లేదని నవ్విన. ఆయనకున్నదని తట్టలే. రెండో ఉత్తరంతోని తట్టింది. అయినా నా సంగతి బయటవడ్తదని నెల దాటినా నోరు మూసుకున్న.
నిన్న రింగ్ రోడ్డు కాడ ఆటో ఆపి, "బావా, ఎడమ కంటికి నల్లటి దారాలు అడ్డమొస్తున్నయే" అన్నడు. ఇంటికి తోల్కపోయిన. మీ ఉత్తరాలు ఆయన చేతుల వెట్టిన. రెండూ సదివిండు.
"నాకు సదువొచ్చు గదా బావా. అప్పుడే ఇస్తే సదువుకుందు" అన్నడు.
రేపు ఈ ఉత్తరం చేతవట్టుకొని ఆయన్ని తోల్కొస్త. నా కండ్లు గూడ జూడున్రి, నా పేరు మీదనే. ఫ్యాక్టరీకి రాసుకోన్రి.
తప్పు జేసిన పోశయ్య

తా.క.: ఇగ ఆటో ఆయన తోలొద్దు, నేను తోలొద్దు. బస్సుల వస్తున్నం. బస్సు నంబరు సదవనీకి లక్ష్మీనర్సమ్మను దెస్తున్న.