గుడివాడలో తిరుగు కేక

బెజవాడ,
కాందిశీకుల శిబిరం,
26-8-1948.

మిర్యాలగూడ దిక్కున మందతో ఉన్న బావకు పిచ్చమ్మ చేతులెత్తి మొక్కి రాయడమేమంటే, ఇక్కడ నేనూ అత్తమ్మా ప్రాణాలతో ఉన్నాం. నువ్వూ, మందలో మిగిలిన జీవాలూ బాగున్నారని తలుస్తాను. ఎడ్ల బేరానికి వచ్చిన మన తండా గేమ్యా ఈ ఉత్తరం తెస్తాడు. కవరు మీద నీ పేరు శిబిరంలో చదువు చెప్పే సువర్ణ పంతులమ్మ చేత రాయించాను. మొగుని పేరు నా చేత్తో రాస్తే మీ అమ్మ ఊరుకుంటుందా?

ఆమె నా పక్కనే కూర్చుంది. నాలుగు మాటలు రాయగానే చదివి వినిపించమంటుంది. కాబట్టి ఇదంతా ఆమె ఎదుట రాసిందే.

సూర్యాపేట విడిచి, కోదాడ మీదుగా సరిహద్దు దాటి ఈ పరాయి రాజ్యంలో పడ్డప్పటి నుంచి ఆమె సరిగ్గా తినలేదు. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు మీ తమ్ముడు కాటయ్య తప్పిపోయాడు కదా, వాడు దొరికితేగాని తిననని పంతం. వాడూ సరిహద్దు దాటి ఇటు యూనియన్ వైపే వచ్చి ఉంటాడని ఎవరో అన్న మాట పట్టుకుంది. గంజి పెడితే గిన్నె నా వైపే జరిపేది. చేతి కడియం మోచేతి దాకా జారుతోంది. బతిమాలి బతిమాలి విసుగొచ్చింది బావా. ఆమెకేమన్నా అయితే నీకు నా మొహం ఎట్లా చూపించను?

మొన్న ఆదివారం ఇక్కడి మహిళా సంఘం వాళ్ళు శిబిరంలోని ఆడవాళ్ళను రైల్లో బందరు తీసుకుపోయి, సముద్రం చూపించి, సాయంత్రానికి తెస్తామన్నారు. నాకైతే లేవబుద్ధి కాలేదు. తడిసిన చాపల మీద పడుకుని ఒళ్ళంతా పట్టేసింది. కానీ రైలు అనగానే అత్తమ్మ కొంగు దోపుకుని లేచింది. రైలు ఊరూరా ఆగుతుంది కదా, ఏదో ఒక ఊళ్ళో వాడు ఉండకపోతాడా అంది.

ఎక్కింది మొదలు ఆమెకు అదే పని. స్టేషన్ వచ్చినప్పుడల్లా కిటికీ ఊచలకు మొహం ఆనించి మన ఇంటి కేక వేసింది. మందలు కలిసిపోయినప్పుడు మన గొర్రెలు వేరుపడి రావడానికి వేస్తామే, అదే. విన్నవాడు మనవాడైతే తిరిగి పలకాలి. ఇక్కడి వాళ్ళకు ఇదేం తెలుసు? టిక్కెట్ల బాబు వచ్చి, ముసలమ్మకు మతి బాగాలేదా అని అడిగాడు. సంఘం ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. ఊరుకో అత్తా అన్నాను. "నీ సిగ్గు కోసం నా కొడుకును ఇడిసిపెట్టాల్నా?" అంది.

బందరులో దిగి, బండ్ల మీద పోయి సముద్రం చూశాం. బురద నీళ్ళు, పైన వాన. అత్తమ్మ పుడిసెడు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. గొర్రె మూతి పెట్టని నీళ్ళు ఎన్నుంటే ఏం లాభమంది. పులిహోర పొట్లాలు పంచితే తనది విప్పకుండా కొంగున ముడేసుకుంది, కాటయ్యకట.

తిరుగు రైలు గుడివాడలో చాలాసేపు ఆగింది. వాన పడుతూనే ఉంది. నేను చెంబు పట్టుకుని నీళ్ళకు దిగాను. అప్పటికే గొంతు బొంగురుపోయినా అత్తమ్మ కేక వేసింది. ఈసారి అవతల గూడ్సు పెట్టెల వెనక నుంచి తిరుగు కేక వచ్చింది. మన ఇంటిదే. రైల్లో ఆడవాళ్ళందరూ విన్నారు. నేను వచ్చేసరికి ఆమె తలుపు పట్టుకుని వానలోకి వంగి చూస్తోంది. అంతలో రైలు కదిలింది.

తరవాత అత్తమ్మ కొంగు ముడి విప్పి, ఆ పులిహోర మెతుకు మిగలకుండా తిన్నది. నాకూ ఒక ముద్ద పెట్టింది. ఆనాటి నుంచి రెండు పూటలా తింటోంది. మీ తమ్ముడు ఉన్నాడు, నువ్వూ ధైర్యంగా ఉండు బావా.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ ఇల్లాలు
పిచ్చమ్మ

మరొక మాట: అత్తమ్మ గంజి తేవడానికి పోయింది. ఇది నువ్వొక్కడివే చదువుకో. రైలెక్కే ముందు రోజే గేమ్యా వచ్చి నీ కబురు చెప్పాడు. కాటయ్య మమ్మల్ని వెతుక్కుంటూ మట్టపల్లి దగ్గర కృష్ణ దాటబోయి వరదకు పోయాడని, నువ్వే పూడ్చిపెట్టావని. అత్తమ్మకు చెప్పమన్నావట. నాకు నోరు రాలేదు. గుడివాడలో పలికింది నేనే. నాలుగు మెతుకులు తింటే చాలనుకున్నాను. నువ్వూ చెప్పకు.

ఇంతవరకు రాసేసరికి ఆమె రెండు గిన్నెలతో వచ్చింది. ఏం రాస్తున్నావంటే, గొర్రెల సంగతన్నాను. తన మాట కూడా రాయమంది. అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"కొడుకా, కాటడు కేకేస్తే ఆఖరుకు గొంతు పైకి లేపుతడు. గుడివాడల పలికిన గొంతు కిందికి దిగింది. వాడే ఉంటే పిచ్చమ్మ ఎందుకు పలుకుతది? వానల నిలవడి నా కోసం పలికింది, ఇగ తినకుంటే ఎట్ల? తమ్మునికి దినాలు గాడనే చెయ్యి. నా కోసం ఆగకు."

రాసి, చదివి వినిపించాను. సరిగ్గానే రాశావంది. గంజి చల్లారిపోతుంది, ముందు తినమని గిన్నె నా వైపు జరుపుతోంది.