వైరు దిగిన చీమలు

మామయ్యకు నమస్కారం.

ఈ ఉదయం వ్యానులో దీపాల స్విచ్చి వేస్తే, వైరు మీద బారుగా పోతున్న చీమలు ఆగి, వెనక్కి తిరిగి, చెక్క అర మీదికి దిగిపోయాయి. ముట్టుకుంటే వైరు వేడిగా ఉంది.

నేను పనిచేసే వ్యాను లైబ్రరీలో వెనక అరల దగ్గర దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. నెలాఖరు శనివారం పంచాయతీ కొత్త ప్రెసిడెంటుగారు చూడ్డానికి వస్తారు. అక్కడ కూర్చుని చదివే వెలుగు లేకపోతే వ్యానును పాత ఇనుముకి ఇచ్చేస్తారట. నా ఉద్యోగం కూడా అందులోనే ఉంది. మీరు ఇన్నేళ్ళు బళ్ళకి వైరింగు చేశారు కనుక ఏం చెయ్యాలో అడుగుతున్నాను.

మీ మేనకోడలు

తా.క. వైరు మంచిదే కొన్నాను. షాపులో పదో నంబరు, ఇరవయ్యో నంబరు చూపించారు. పెద్దదే తీసుకున్నాను.

*

పుస్తకాల పురుగుకి మామయ్య దీవెనలు.

ఇరవయ్యా! ఒసేయ్, గేజు నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుందే! దారప్పోగు కట్టి దీపాలు వెలగమంటే ఎలా? ఆ చీమలకున్న బుద్ధి నీకు లేదు. పదో నంబరు వెయ్యి. బ్యాటరీ నుంచి చివరి దీపం దాకా కొలిచి రెట్టింపు కొను. కరెంటు వెళ్ళాక తిరిగి రావాలి కదా! ఇంజను వేడి తగలకుండా లాగు.

మామయ్య

తా.క. ఫ్యూజు ఏం వేశావు?

*

మామయ్యకు నమస్కారం.

నంబరు పెరిగితే సన్నబడుతుందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, షాపులో జనం ఉన్నారు. పదో నంబరు తెచ్చాను, ఇంకా వెయ్యలేదు. ఇంజను వేడి భయం లేదు. ఫ్యూజు అస్తమానం పోతోందని వాచ్‌మన్ చాక్లెట్ రేకు చుట్టి పెట్టాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పోలేదు.

మీ మేనకోడలు

తా.క. వ్యానులో కాస్త మాడు వాసన వస్తోంది. చదువుకునేవాళ్ళెవరూ ఏమీ అనలేదు.

*

ఏమేవ్!

ముందు లేచి వెళ్ళి ఆ రేకు పీకెయ్. మిగతాది తర్వాత చదువు.

పీకావా? కాలిపోవడమే ఫ్యూజు ఉద్యోగం. అది కాలకపోతే వైరు కాలుతుంది, ఆ తర్వాత నీ పుస్తకాలు. కొత్త వైరుకి పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. దీపాలు వెలిగినంతసేపూ ఇంజను నడవనీ, లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది.

మామయ్య

తా.క. ఈ ఉత్తరాలెందుకే? వ్యాను వేసుకుని ఇక్కడికే వచ్చేయ్. గంటలో చేసిపెడతాను.

*

మామయ్యకు నమస్కారం.

రేకు తీసేశాను. వైరు, ఫ్యూజు మీరు చెప్పినట్టే వేశాను. ఇంజను సంగతి మాత్రం మీరు చెప్పినట్టు చెయ్యలేదు. బ్యాటరీకి రోజూ బయట చార్జింగు పెట్టిస్తున్నాను.

ప్రెసిడెంటుగారు వచ్చారు. చివరి అర దగ్గర కూర్చుని ఓ నవల తీశారు. వేళయిందని చెప్పడానికి నాకు మొహమాటం వేసింది. చివరికి ఆయనే తలెత్తి, "మా ఇంట్లో కూడా ఇంత వెలుగు లేదమ్మా!" అన్నారు. వ్యాను ఇనుముకి ఇవ్వరట. "ఇంత మంచి బండిని ఓ మూల నిలబెట్టడమేమిటి? సోమవారం నుంచి రోజుకో వీధి తిప్పండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సరేనన్నాను.

మీ మేనకోడలు

తా.క. ఈ వ్యానులో ఇంజను లేదు. నేను చేరకముందే తీసేశారు.