చుక్క వేసి చూడని రాయి

1938 నవంబరు, శనివారం
లాల్‌దర్వాజా

కాలేజీలో ఉన్న ఒక్కగానొక్క స్పంజు రాయిని చేజేతులా పోగొట్టాను. ఏనాటిదో సముద్రపు స్పంజు అనే జీవి, సున్నపురాతిలో ఇరుక్కుని ఉండేది. దాని అస్థిపంజరం గాజులాంటి సన్నని సూదుల అల్లిక. పలుచని యాసిడ్‌లో ముంచితే చుట్టూ రాయి కరిగి, అల్లిక మిగలాలి. నిన్న సాయంత్రం ముంచి వచ్చాను. పొద్దున చూస్తే గిన్నె అడుగున కాస్త బురద.

ఆ గాజు ఎన్ని యుగాల కిందటే కరిగిపోయిందో! దాని చోట యాసిడ్‌లో కరిగిపోయే సున్నపు స్ఫటికాలు పేరుకున్నాయి. ఆకారం మాత్రం సూదికి సూదీ అట్లాగే నిలిచింది. పైకి చూస్తే ఎవరికి తెలుస్తుంది?

రహీం భాయ్‌కి తెలిసేది. పన్నెండేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశాం. ముంచడం నా పని, ముందుగా పరీక్షించడం ఆయనది. "జర ఆగు తమ్మీ, సూది మీద ఒక్క యాసిడ్ సుక్క ఏసి చూస్త. పొంగిందంటే సున్నమే, ముంచకు," అనేవాడు. ఆయన రిటైరై గుల్బర్గాలో కూతురి దగ్గరికి వెళ్లాక, ఆ చుక్క కూడా నేనే వేయాలని నాకు తోచనే లేదు.

ప్రొఫెసర్ గారు రిజిస్టరులో ఆ రాయి పేరు కొట్టేసి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

పత్తర్‌గట్టిలో రహీం భాయ్, నేను చాయ్ తాగే చోట ఆగకుండా వచ్చేశాను. ఇంటికొస్తే గడప దగ్గర రహీం భాయ్ కార్డు, ఉర్దూలో. అట్లాగే ఉన్నావా తమ్మీ, అని అడిగాడు.

అట్లాగే ఉన్నానని జవాబు రాశాను. ఆయన ఇక్కడుంటే ఆ మాట నమ్మేవాడు కాదు. ఒక్క చుక్క వేసి చూసేవాడు.