శెనక్కాయల బనియను

వదినకు, బెంగళూరు నుంచి సుజాత రాసేది. మీరంతా ఎట్లున్నారు? కుందుర్పిలో చినుకు పడిందా? అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, దిగులు పడొద్దు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావా? మీరు స్పీకర్లో పెడతారు, అన్న వింటే నవ్వి కొట్టిపారేస్తాడు. పైగా ఈ బనియను పంపాలి.

గార్మెంట్స్ పని మామూలే. గదిలో అందరం చాపల మీద ఇరుక్కుని పక్కకు తిరిగే పడుకుంటాం, నాది గోడ పక్క. ఒకరు తిరిగితే అందరూ తిరగాలి. పోయిన నెల నా పక్క చాప రత్నమ్మ కూతురి కాన్పుకని ఊరికి పోయింది. జాగా దొరికింది కదా అని, మన మిద్దె మీద పడుకున్నట్టు వెల్లకిలా కాళ్లు చాపాను. కాసేపటికి అందరూ నన్ను పట్టుకుని కుదుపుతున్నారు. "సచ్చిపోయినావనుకుంటిమి కదే! గురక పెట్టి పెట్టి ఊపిరే నిలబడిపోయె నీకు" అని ఉరవకొండ గంగమ్మ ఒకటే ఏడుపు.

మర్నాడు ఆసుపత్రికి పిలుచుకుపోయారు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుంటుందట. పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోమంది డాక్టరమ్మ. నిద్ర పరీక్ష కూడా చేయించుకోమంది. సెలవడిగితే సూపర్‌వైజరు ముఖం తిప్పుకున్నాడు. ఈ ఇరుకును ఎన్ని తిట్లు తిట్టానో వదినా, ఆ ఇరుకే ఇన్నాళ్లూ నన్ను కాపాడిందట! పగలు మిషను, రాత్రి గేటుకు తాళం, పడుకుంటే ముక్కుకు గోడ. యాడికి పోయేది నేను?

అప్పటినుంచి అన్న మీదే నా గుబులంతా. ఆయనదీ ఇదే గురక. టెంపో నడుపుతూ తూగుతున్నాడని నువ్వే చెప్పావు. అందుకే బనియనుకు వీపు దగ్గర జేబు కుట్టి, నువ్వు పంపిన శెనక్కాయలు నింపాను. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుని తనే పక్కకు తిరుగుతాడు. కాయలు నలిగితే మార్చు. వేయించుకుని తినేరు, జాగ్రత్త! తాగి పడుకోనివ్వకు. అనంతపురం పెద్దాసుపత్రికి పిలుచుకుపో. అంతవరకు టెంపో తాళం నీ కొంగున కట్టుకో, తిట్టినా ఇవ్వొద్దు.

పిల్లలకు ముద్దులు. అమ్మకు నా దండాలు చెప్పి, నీ తల మీద చెయ్యి పెట్టి నన్ను దీవించమను, నాకు అందుతుంది.

ఇంకొక్క మాట. అన్న గురక ఆగితే "అబ్బ, ఇప్పుడు నెమ్మదిగా నిద్రపోతాండాడు" అని నువ్వు అటు తిరిగి పడుకుంటావు కదా. మనింట్లో అందరం అంతే. అప్పుడు పడుకోకు వదినా. అప్పుడే తట్టి లేపు.

నీ ఆడబిడ్డ,
సుజాత