చేపలు పడని రోజున

అక్కా,

నువ్వు పోయాక నా దగ్గర పెరిగిన నీ కూతురు రమణమ్మకు సంబంధం వచ్చింది. పిల్లవాడిది మైపాడు. వాళ్లదీ చేపల వేటే.

చేపలు బాగా పడే రోజుల్లో పోయి ఇల్లు చూసొద్దామన్నారు మన పెద్దలు. ఆ రోజుల్లో ఎవరి ఇల్లయినా బాగానే ఉంటుంది. బావ వాళ్లింటికి మనం పోయిందీ అప్పుడే. నవ్వుతూ వంజరం చేప కోయించి పెట్టారు. వాళ్ల నాన్న కూడా పెళ్లాన్ని కొట్టేవాడని తర్వాత గానీ మనకు తెలియలేదు.

అందుకని ఈసారి గాలి తిరిగి వలలు ఖాళీగా వస్తున్నప్పుడు, చెప్పకుండా పోయాను.

పిల్లవాడి తల్లితో మాట్లాడుతుండగా వాళ్లాయన వేట నుంచి వచ్చి తెడ్డు గోడకు ఆనించాడు. నేను ఆ తెడ్డునే చూస్తూ కూర్చున్నాను. చేపలు పడని రోజు బావ కూడా అలాగే ఆనించి, దొంగసారా తాగడానికి పోయేవాడు. నువ్వు వెంటనే ఆ తెడ్డును, తాగొచ్చాక ఆయన చేతికి దొరక్కుండా, ఇసకలో పూడ్చేదానివి. నువ్వు పోయిన ఆ ఒక్కనాడు, ఇంకా పూడ్చకముందే ఆయన తిరిగొచ్చాడు.

"ఏందయ్యా, ఈ పొద్దు కూడా ఏం పడలేదా?" అందామె.

"గంగమ్మ ఇయ్యలేదే, నన్నేం చెయ్యమంటా?" అంటూ ఆయన కాళ్లు కడుక్కొని కూర్చున్నాడు.

"అయితే పులుసు లేదు. గంజిలోకి ఉప్పే!"

ఆయన నవ్వాడు. పక్కనే వల బాగుచేస్తున్న పిల్లవాడూ నవ్వాడు.

సంబంధం ఖాయం చేసుకొని వచ్చానక్కా. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాను. తెడ్డు గోడకే ఉంది. ఆమె ఒక్కసారైనా దానివైపు చూడలేదు.

నీ చెల్లెలు